సెట్లర్‌ను దించే ముందు

చిరంజీవి మేనల్లుడికి రాయగడ నుంచి మావయ్య ఆశీస్సులు.

సివిలైజేషన్ 6 కంప్యూటర్ ఆటలో ఆరు ఊళ్లు కట్టినా ఒక్కటీ ఎదగడం లేదని రాశావు. నువ్వు పంపిన మ్యాపు చూశాను. సెట్లర్లను, అంటే కొత్త ఊరు కట్టేవాళ్లను, దించిన చోట్లే తప్పాయి.

గుణుపురం వంశధారను, మా రాయగడ నాగావళిని పట్టుకుని ఎందుకు వెలిశాయో, ఆటలోనూ అదే లెక్క. నది, చెరువు, ఒయాసిస్సు తగిలే టైల్ (మ్యాపులోని ఒక గడి) మీద ఊరు పెడితే హౌసింగ్, అంటే ఊరు మోయగల జనాభా హద్దు, 5 వస్తుంది. సముద్రం మాత్రమే తగిలితే 3, ఏ నీరూ లేకపోతే 2. జనాభా ఆ హద్దుకు ఒకటి తక్కువ ఉండగానే పెరుగుదల సగానికి పడిపోతుంది, హద్దుకు చేరితే పావు వంతే మిగులుతుంది. నీ మూడో ఊరు అలా ఆగిపోయిందే. తిండి ఎంత పెంచినా ముందు హౌసింగ్ లేందే కదలదు నాన్నా. నీటి కోసం రెండు టర్న్‌లు ఎక్కువ నడిచినా నడిపించు. నదిని ఆనుకుని ప్లెయిన్స్ హిల్స్ (మైదానపు గుట్ట) దొరికితే వదలకు, సిటీ సెంటర్‌కే, అంటే ఊరు పెట్టిన టైల్‌కే, 2 ఫుడ్, 2 ప్రొడక్షన్ వస్తాయి.

ఊళ్ల మధ్య ఆరేడు టైల్స్ వదిలేస్తున్నావు. మధ్యలో మూడు వదిలి నాలుగో దానిమీద పెట్టు. ఊరి చుట్టూ 36 టైల్స్ ఉన్నా జనాభా పది ఉంటే పనిచేసేవి పదే కదా.

డిస్ట్రిక్ట్‌లు, అంటే ఒక్కో పనికని ఒక్కో టైల్ మీద కట్టే పేటలు, జనాభా 1, 4, 7, 10 దగ్గర ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. అంటే చాలా ఊళ్లకు ఆట సగం వరకు రెండే దక్కుతాయి. ఏ ఊరు ఏం చేయాలో పునాది వేయకముందే తేల్చుకో. కొండల వరుస మలుపు తిరిగే చోట ఒకే టైల్‌కి మూడు నాలుగు పర్వతాలు తగులుతాయి. ఒక్కో పర్వతానికి క్యాంపస్‌కి, అంటే సైన్స్ ఇచ్చే డిస్ట్రిక్ట్‌కి, +1, కాబట్టి ఆ ఊరు చదువుల ఊరు. నది సముద్రంలో కలిసే చోట సిటీ సెంటర్, హార్బర్ (రేవు), బంగారం తెచ్చే కమర్షియల్ హబ్ మూడూ ఒకదాన్నొకటి తాకేలా పెట్టు. హబ్‌కి నది వల్ల 2, హార్బర్ వల్ల 2, పక్కనున్న రెండు డిస్ట్రిక్ట్‌ల వల్ల 1, మొత్తం +5. హబ్‌లో మార్కెట్, హార్బర్‌లో లైట్‌హౌస్ రెండూ కడితే రెండు ట్రేడ్ రూట్‌లు వస్తాయనుకోకు, ఊరికి ఒక్కటే.

ఈ ఆటకు వచ్చిన ఎక్స్‌పాన్షన్ గ్యాదరింగ్ స్టార్మ్‌లో అసలు పంట ప్రొడక్షన్ ఇచ్చే డిస్ట్రిక్ట్ అయిన ఇండస్ట్రియల్ జోన్‌ది. పక్కనున్న ప్రతి అక్విడక్ట్‌కి (ఊరికి నీరు తెచ్చే కాలువ), ప్రతి డ్యామ్‌కి +2, అది ఏ ఊరిదైనా సరే. నాలుగు టైల్స్ దూరంలో ఉన్న రెండు ఊళ్లు తలా ఒక అక్విడక్ట్‌ను ఎదురెదురుగా కట్టి, నడి టైల్‌లో జోన్ పెడితే ఆ రెంటి వల్లే +4. వరద మైదానం మీద డ్యామ్ కూడా దానికి తగిలితే ఆ మూడింటి వల్లే +6. అక్విడక్ట్, డ్యామ్ డిస్ట్రిక్ట్ లెక్కలోకి రావు కాబట్టి జనాభా అడ్డురాదు. అయితే అక్విడక్ట్ సిటీ సెంటర్‌కీ, నదికో చెరువుకో పర్వతానికో కూడా తగలాలి. అందుకే ఆ టైల్‌ను ముందే మ్యాపులో పిన్ గుచ్చి ఉంచు. ఇండస్ట్రియల్ జోన్‌ను తెరిచే అప్రెంటిస్‌షిప్ టెక్నాలజీ వచ్చేసరికి చాలామంది అక్కడ ఇంకేదో కట్టేసి ఉంటారు, కట్టాక పీకడం కుదరదు. జోన్‌లో కట్టే ఫ్యాక్టరీ ఫలం ఆరు టైల్స్ దాకా పారుతుంది. అందువల్ల జోన్‌ను ఊళ్ల గుంపు నడుమ పెట్టు, ప్రతి ఊరికీ ఫ్యాక్టరీ కట్టకు.

టెక్నాలజీలు పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్ ధర పెరుగుతుంది, నాటిన (చోటు ఖాయం చేసిన) రోజు ధర మాత్రం అలాగే నిలుస్తుంది. చోటు తెరుచుకోగానే నాటేసి, పని తర్వాత చేయించు. ఆ టైల్ మీద అడవి ఉంటే ముందు బిల్డర్‌తో నరికించు. లేకపోతే నరికితే వచ్చే ప్రొడక్షన్ ఊరికే పోతుంది.

పక్క దేశపు పెద్ద ఊళ్లకు తొమ్మిది టైల్స్ లోపల ఒంటరి ఊరు పెట్టకు, లాయల్టీ (నీ మీద ఆ ఊరి విధేయత) జారి చేజారిపోతుంది.

కొత్త ఆట మొదలెట్టి, రెండో సెట్లర్ బయల్దేరకముందే పిన్‌లు గుచ్చిన మ్యాపు నాకు పంపు. అక్విడక్ట్‌లు సరిగ్గా తగిలాయో లేదో చూసి చెబుతాను.

నీ మావయ్య