బీటెక్ లేకుండా ఐటీ ఉద్యోగం వస్తుందా?

అమలాపురంలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను, బీటెక్ లేకపోతే ఐటీలోకి తీసుకుంటారా అని అడిగారు. తీసుకుంటారండీ. టీసీఎస్ ఇగ్నైట్, విప్రో విల్ప్ లాంటి ఉద్యోగ నియామక పథకాలు బీఎస్సీ, బీసీఏ వాళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చినవే. విల్ప్‌లో అయితే ఉద్యోగం చేస్తూనే ఎంటెక్ చదివిస్తారు. బాండ్ (ఇన్నేళ్లు మానకుండా పనిచేస్తాననే ఒప్పందం) ఎన్నేళ్లో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

కోడింగ్ ఒక్కటే దారి కాదు, టెస్టింగ్, సపోర్ట్, డేటా పనులూ ఉన్నాయి. నన్నడిగితే ముందు ఎస్‌క్యూఎల్ (టేబుళ్లలో దాచిన డేటాను అడిగి తీసే భాష) పట్టండి. మీ వైపు రొయ్యల చెరువులకు కొదవ లేదు కదా, సాధన కోసం తెలిసిన రైతు దగ్గర మేత లెక్కల పుస్తకం అడగండి. చెరువు నంబరు, తేదీ, వేసిన మేత కిలోలు ఒక టేబుల్; చెరువు నంబరు, పట్టుబడి రోజు తూకం ఇంకో టేబుల్. కిలో రొయ్యకు ఎంత మేత పట్టిందో చెరువుల వారీగా తీయండి. మేతను ముందు చెరువుకింత అని కూడి, ఆ తర్వాతే రెండు టేబుళ్లనూ చెరువు నంబరుతో జాయిన్ చేయాలి, అంటే కలపాలి. లేకపోతే ఒకే తూకం మేత వేసిన ప్రతి రోజుకూ మళ్లీ మళ్లీ వచ్చి లెక్క తప్పుతుంది. ఇంటర్వ్యూలో ఇలాంటిది తడబడకుండా చెప్పగలిగితే చాలు, కొనుక్కున్న ప్రాజెక్టుతో అది కుదరదు.

కోర్సుకు వేలు పోయక్కర్లేదు. ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు.