స్విచ్ ఆపాక కూడా

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఏదో ఇనప పెట్టె కొనుక్కొచ్చింది అన్నయ్యా, ఇద్దరు పట్టి మోస్తేగాని మేడ ఎక్కలేదు" అంది. నువ్వు పంపిన ఫొటో చూశాక అర్థమైంది, రెండు 813 వాల్వులతో, అంటే పాతకాలం గాజు గొట్టాలతో, రిగ్ (రేడియో సెట్టు) పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్ అని. చాలా గర్వంగా అనిపించింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) మీద క్షేమ సమాచారాలు పంపుతున్నారని నేను చెబితే, నా ఒళ్లో కూర్చుని "నేనూ మాట్లాడతా మావయ్యా" అన్న పిల్లవి నువ్వు. ఆ సంతోషంతోనే పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. నాలుగింటికి లేచి ఇది రాస్తున్నాను. ప్రింటు తీసి రిగ్ పక్కన గోడకి అంటించు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. లైసెన్సులో నీ గ్రేడుకి ఎన్ని వాట్లు రాసి ఉంటే అంతే, ఒక్క వాటు ఎక్కువ వద్దు. మొదటి ట్యూనింగ్ డమ్మీ లోడ్ మీదే, అంటే యాంటెన్నా బదులు పవర్‌ని వేడిగా మింగేసే రెసిస్టరు మీదే. లోడ్ లేకుండా కీ నొక్కి ప్రసారం చెయ్యకు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే లెక్క) ఒకటిన్నర దాటితే ముందు యాంటెన్నా బాగుచేసుకో. ఆ సన్న ఆర్‌జీ-58 కేబుల్ తీసేసి ఆర్‌జీ-213 వేయించు. రిగ్ పవర్ బాగా తగ్గించి మొదలుపెట్టు. డ్రైవ్, అంటే రిగ్ లీనియర్‌లోకి పంపే పవర్, ఎక్కువైతే నీ మాట చీలిపోయి పక్కనున్న స్టేషన్లన్నిటి మీదా పడుతుంది. పెట్టెకి విడిగా 16 ఆంప్స్ పాయింటు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. ఎర్త్ గుంటలో ఉప్పూ బొగ్గూ వేశామని ఊరుకోకండి, ఎండాకాలం రోజూ చెంబెడు నీళ్లు పొయ్యమని మీ నాన్నకి చెప్పు.

ఇది మాత్రం నీకు తెలియకపోవచ్చు. పాత లీనియర్లలో కొన్నిటికి మాట్లాడేటప్పుడు లీనియర్‌ని ప్రసారంలోకి మార్చే రిలేని (కరెంటుతో కదిలే స్విచ్‌ని) లాగే కీయింగ్ లైన్ మీద వంద వోల్టులు దాటి ఉంటుంది. నీ కొత్త రిగ్ వెనక సాకెట్ లోపల ఉండేది చిన్న ట్రాన్సిస్టరో, బుల్లి రిలేనో. రెంటినీ నేరుగా కలిపితే క్షణంలో మాడిపోతుంది. ముందు మీటరుతో చూసి, మధ్యలో ఇంకో చిన్న రిలే పెట్టు.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా నేనిది పూర్తిగా చెప్పలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దిగువన తీరం దాటింది. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమైపోయాయి. రాజమండ్రిలో మాకు కరెంటు లేదు, ఫోను లేదు. మర్నాడు సాయంత్రానికి అటువైపు నుంచి వచ్చినవాళ్లు మా అరుగు మీద కూర్చుని, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకి "బతికే ఉన్నాం" అని కబురు చేరవెయ్యమని చీటీలు రాసిచ్చారు. మొత్తం నలభై ఒకటి. కొన్ని చీటీలు తడిసి ఇంకు పాకిపోయి ఉన్నాయి, పేర్లు నోటితో చెప్పించుకుని మళ్లీ రాసుకున్నాను. వాళ్లందరూ గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూస్తుంటే, ఎలాగైనా ఆ రాత్రే పంపాలన్న తొందర పట్టుకుంది నాకు. వీధి చివర మిల్లు జనరేటర్ నుంచి వైరు లాగాం.

నా లీనియర్ కూడా నీదాని లాంటిదే, నేనే కట్టుకున్నాను. రెండు 813లు, రెండు వేల వోల్టుల హెచ్‌టీ (వాల్వులకిచ్చే హై వోల్టేజి), ఆ చార్జి నిలవచేసే 8 మైక్రోఫారడ్ల ఆయిల్ కండెన్సరు. కండెన్సరుకి అడ్డంగా బ్లీడర్ రెసిస్టరు ఉండేది. స్విచ్ ఆపగానే చార్జంతా దాని గుండా రెండు సెకన్లలో దిగిపోయేది. అందుకని మూడు లెక్కపెట్టి మూత తీయడం అలవాటైంది. ఏళ్ల తరబడి అలాగే తీశాను, ఏమీ కాలేదు. హెచ్‌టీకి ఒక వోల్టు మీటరు పెట్టాలని ఉండేది కానీ, వచ్చే నెల చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ రాత్రి ఆన్ చేస్తే వాల్వులు వెలగలేదు. 813 ఫిలమెంటు వెలిగితే గూట్లో దీపం పెట్టినట్టుంటుంది, నువ్వే చూస్తావు. ఏదో వైరు ఊడి ఉంటుందనుకున్నాను. స్విచ్ ఆపాను, ప్లగ్గు కూడా పీకాను. ఒకటి, రెండు, మూడు. మూత తీసి, ఎడమ చెయ్యి ఛాసిస్ (పెట్టె లోహపు చట్రం) మీద ఆనించి, కుడి చేత్తో వాల్వు నెత్తిన ఉన్న, హెచ్‌టీ చేరే క్యాప్ పట్టుకున్నాను.

ఎవరో దుంగతో గుండె మీద బాదినట్టయింది. బీరువాకి తల కొట్టుకుని పడ్డానట, అది నాకు గుర్తు లేదు. మీ అత్త లాంతరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నన్ను పట్టుకోబోయి ఆగి, ముందు మిల్లు నుంచి వచ్చే వైరు పీకేసి, అప్పుడు ముట్టుకుంది. ఆ తెలివి తనకి ఎవరూ నేర్పలేదు. తెల్లారేదాకా నా అరికాళ్లు రాస్తూ కూర్చుంది, ఒక్క మాట అనలేదు. నా కుడి చూపుడు వేలి కొసన తెల్లటి మచ్చ చూసి చిన్నప్పుడు "సున్నం అంటిందా మావయ్యా" అని అడిగేదానివి. అది ఆ రాత్రిదే.

తర్వాత విప్పి చూస్తే బ్లీడర్ మధ్యకి చిట్లి ఉంది. వాల్వులు వెలిగి ఉంటే వాటి గుండానైనా కొంత చార్జి దిగేదేమో. వెలగలేదు కాబట్టి ఆ రెండు వేల వోల్టులకీ బయటికి దారే లేదు, నా చేతులు తప్ప. నేనేమో వాల్వులు చీకటిగా ఉన్నాయి గనక పెట్టెలో ఏమీ లేదనుకున్నాను.

చీటీల సంగతి అడుగుతావు. మర్నాడు పొద్దున కారు బ్యాటరీ మీద ఇరవై వాట్ల రిగ్గుతో, కట్టు కట్టిన చేత్తో, నలభై ఒకటీ పంపాను. హైదరాబాద్ స్టేషన్ ఒక్కటి కూడా మళ్లీ చెప్పమనలేదు. ఆ లీనియర్ అసలు అవసరమే లేకపోయింది, అమ్మలూ.

అందుకని చెబుతున్నాను, తిట్టుకున్నా సరే. రాత్రి పదకొండు దాటాక, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చాక ఆ మూత ముట్టుకోకు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అసలు వద్దు. మెయిన్ ఎక్కడుందో తమ్ముడికి చూపించు, అది ఆపేదాకా నిన్ను ముట్టుకోకూడదని వాడి చేత రెండుసార్లు చెప్పించు. గాజులూ ఉంగరమూ తీసెయ్యి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకో. మూత తీస్తే హెచ్‌టీ ఆగిపోయే ఇంటర్‌లాక్ స్విచ్ ఉండాలి. అమ్మినవాళ్లు దానికి టేపు చుట్టేసి ఉంటే ఆ టేపు పీకి, స్విచ్ పనిచేస్తోందో లేదో చూడు. బ్లీడర్ కొత్తది వెయ్యి, వోల్టు మీటరు వెయ్యి. ఆ మీటరు సున్నా చూపించినా నమ్మకు, దాని రెసిస్టరు కూడా పోవచ్చు.

డాబా సంగతి ఒకటి ఉంది. మీ డైపోల్ (తీగ యాంటెన్నా) ఒక కొస వాటర్ ట్యాంకుకి, రెండో కొస మెట్ల గది పక్కన ఇనప రాడ్డుకి కట్టావు కదా. మీ అమ్మ వడియాలు పెట్టేది సరిగ్గా ఆ రాడ్డు పక్కనే. డైపోల్ కొసల్లోనే ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) వోల్టేజి అన్నిటికన్నా ఎక్కువ. నువ్వు కింద మైకు పట్టుకుని మాట్లాడుతుంటే పైన తను చీర ఆరేస్తూ ఆ తీగ పట్టుకుందనుకో, చర్మం లోపలిదాకా కాలుతుంది, మానడానికి వారాలు పడుతుంది. ఆ కొస మనిషి చెయ్యెత్తినా అందనంత పైకి లేపు. అలా లేపితే యాంటెన్నా కూడా బాగా పనిచేస్తుంది. వంద వాట్ల నుంచి నాలుగు వందలకి వెళితే అవతలివాళ్ల మీటరు మీద కదిలేది ఒక్క ఎస్ యూనిట్, అంటే సిగ్నల్ బలం చూపే మీటరులో ఒక్క గీత. ఒక మంచి గెడ దానికంటే ఎక్కువ ఇస్తుందని నా నమ్మకం.

ఈ రోజే ఆర్టీసీ కార్గోలో నీకో కర్ర పంపుతున్నాను. ఆ తుఫాను తర్వాత నేను చేసుకున్నదే. పొడుగాటి ప్లాస్టిక్ కర్ర, కొసన రెండు ఇత్తడి కొక్కేలు, రెంటి తోకలకీ క్లిప్పులు. క్లిప్పులు రెండూ ఛాసిస్‌కి గట్టిగా తగిలించాకే కర్ర ఎత్తు. ఒక కొక్కేనికి దారిలో రెసిస్టరు ఉంది, ముందు దాన్ని కండెన్సరుకి తాకించి పది లెక్కపెట్టు. తర్వాత రెండోదాన్ని తగిలించి, నీ చేతులు లోపల ఉన్నంతసేపూ అలాగే వేలాడనివ్వు. తీసేస్తే ఆయిల్ కండెన్సరు తనంతట తానే మళ్లీ కొంత చార్జి పుంజుకుంటుంది.

ఆ కర్ర చేరేదాకా ప్లగ్గు పెట్టకు. ఆదివారం పొద్దున ఏడున్నరకి నలభై మీటర్ల బ్యాండ్ మీద ఉంటాను. ముందు లీనియర్ లేకుండానే పిలువు, నీ సిగ్నల్ ఎంతుందో రాసి పెడతాను. మీ అత్త కూడా పక్కన కూర్చుంటానంటోంది.

సెవెంటీ త్రీ (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మావయ్య