పాత బోటు ఇంజిన్‌కి ఇంకా ఖర్చుపెట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది ఉప్పాడ. ఫైబర్ బోటుకు 11 ఏళ్ల నాటి 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉంది. వేటకు 25 లీటర్ల పెట్రోలు తాగుతోంది. నెలకు 18 వేటలకు వెళ్తాం. ఈ సీజన్లో మూడుసార్లు నడిసముద్రంలో ఆగిపోయింది. కొత్త ఫోర్ స్ట్రోక్ 1.65 లక్షలంటున్నారు. చేతిలో 45 వేలున్నాయి. చేపలు కొనే సావుకారు వడ్డీ లేకుండా 1.20 లక్షలు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: సావుకారు సొమ్ము మాత్రం వద్దండి. కాగితం మీద వడ్డీ ఉండదు గానీ సరుకంతా ఆయనకే వేయాలి, ధర ఆయనే చెబుతాడు. కిలోకి 10 రూపాయలు తగ్గించాడనుకోండి. నెలకు 600 కిలోలు పడితే 6 వేలు, పది నెలల వేటలో 60 వేలు పోతాయి. అసలు 1.20 లక్షలు అలాగే ఉంటుంది. ఏడాదికి నూటికి 50 వడ్డీ కట్టినట్టే.

ముందు మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) చూపించండి. రెండు సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే ఆ ఇంజిన్ మీద ఇక డబ్బు పోయకండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీళ్లు చేరినట్టు, చాలావరకు సీళ్లు మార్పిస్తే సరిపోతుంది. కంప్రెషన్ బాగుండి, కూలింగ్ నీళ్లు సన్నగా వస్తుంటే తప్పు చాలావరకు ఇంపెల్లర్‌దే (ఇంజిన్‌కి నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం). అది మార్పించి, కార్బ్యురేటర్ కడిగిస్తే ఈ సీజన్ గడిచిపోవచ్చు.

కొత్తది భారమనిపిస్తుంది గానీ పెట్రోలు లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ వేటకు 5 లీటర్లే ఆదా చేసినా నెలకు 90 లీటర్లు. లీటరు 109 చొప్పున 9,810 రూపాయలు. టూ స్ట్రోక్ పెట్రోల్లో లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపే టూటీ ఆయిల్ నెలకు 9 లీటర్లు, అదీ మిగులుతుంది. 1.20 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి 24 నెలలకు తీసుకుంటే కిస్తీ సుమారు 5,593. పెట్రోల్లో మిగిలిందే కిస్తీ కడుతుంది.

ఆ అప్పు బ్యాంకులో ముద్ర కిశోర్ (చిన్న వ్యాపారాలకిచ్చే రుణం) కింద అడగండి, తాకట్టు ఉండదు. కిసాన్ క్రెడిట్ కార్డును ఇంజిన్‌కి వాడకండి. అది పెట్రోలు, ఐసు, కూలీల ఖర్చులకు. 2 లక్షల వరకు గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే పడుతుంది, సావుకారు దగ్గర చేయి చాపే అవసరం తగ్గుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, కిస్తీ మాత్రం ఆగదు. మిగతా పది నెలలూ నెలకు 1,120 చొప్పున పక్కన పెట్టండి. నిషేధకాలపు 20 వేల భృతిని ఇంటి తిండికి వదిలేయండి. రాయితీ ఏమైనా ఉందేమో గ్రామ మత్స్య సహాయకుడిని కొనక ముందే అడగండి. మంజూరు కాకుండా కొంటే ఇవ్వకపోవచ్చు.

కొనేటప్పుడు బోటు వెనక చెక్క ఎత్తు కొలవండి. 15 అంగుళాలైతే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలున్న ఇంజిన్), 20 అయితే లాంగ్ షాఫ్ట్. 20 అంగుళాల చెక్కకు పొట్టి షాఫ్ట్ తగిలిస్తే ప్రొపెల్లర్ గాలి పట్టి ఇంజిన్ ఊరికే అరుస్తుంది. ఫోర్ స్ట్రోక్ బరువెక్కువ కాబట్టి చెక్క గట్టిగా ఉందో లేదో తట్టి చూడండి. కిరోసిన్ కలపకండి. పాతదాన్ని విడిభాగాలకు అమ్మితే వచ్చే డబ్బును ఇంజిన్ ధరలో కలపకుండా ఉంచండి: తొలి 20 గంటలకే ఆయిల్ మార్పించాలి, రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త ఇంజిన్ వివరాలూ ఎక్కించాలి.