ఒకసారి కోవిడ్ వచ్చిపోయింది, రెండో డోసు వేసుకోవాలా? (2021 నాటి ప్రశ్న, జవాబు)

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను రాయగడలో స్టాఫ్ నర్సుని. ఫిబ్రవరిలో కోవిషీల్డ్ ఫస్ట్ డోసు వేసుకున్నా, డ్యూటీల గోలలో సెకండ్ డోసు లేటయింది, ఈలోపు ఏప్రిల్ ఆఖర్లో ఆర్టీపీసీఆర్ పాజిటివ్. వార్డులో అందరూ వచ్చిపోయింది కదా ఒక్క డోసు చాలంటున్నారు, పార్వతీపురంలో మా వదినేమో వెంటనే వేయించేసుకో అంటది. ఎవరి మాట వినాలండీ?

జవాబు: ఇద్దరి మాటా వద్దమ్మా. వార్డులో వాళ్ళు ఊరికే అనట్లేదు, ముందే కోవిడ్ వచ్చినవాళ్ళకి ఒక్క డోసుకే యాంటీబాడీలు బాగా పెరుగుతున్నాయని స్టడీలున్నాయి, ఫ్రాన్స్ అయితే ఫిబ్రవరిలోనే అలాంటివాళ్ళకి ఒకటే డోసు చాలంది. కానీ మన దగ్గర రూల్ రెండు డోసులే, పైగా రోజూ పేషెంట్ల మధ్య తిరిగే మీకు నేనూ అదే చెప్తా.

2021 మే 19న కేంద్రం చెప్పిన ప్రకారం ఫస్ట్ డోసు తర్వాత కోవిడ్ వస్తే తగ్గిన 3 నెలలకి రెండోది, పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కాదు తగ్గిన రోజు నుంచి లెక్క, అంటే మీకు ఆగస్టులో. రెండు డోసుల మధ్య 16 వారాలు దాటినా మళ్ళీ మొదటినుంచి అక్కర్లేదు. వదిన ఊళ్ళో వేయించుకున్నా పర్లేదు, టీకా రిజిస్ట్రేషన్ సైటు కోవిన్‌లో ఫస్ట్ డోసుకి ఇచ్చిన ఫోన్ నంబరే ఇచ్చి, కోవిషీల్డే వేయించుకోండి. మర్నాడు జ్వరం, ఒళ్ళునొప్పులు రావొచ్చు, వీలైతే ఆఫ్ ముందురోజు చూసి వేయించుకోండి.