పెట్టె మీద డార్విన్ ఎవరు?

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. ఏటా ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకుంటాను, ఖాళీ పెట్టె దాచుకుంటాను. 2023 పెట్టె మీద ‘ఏ/డార్విన్’ అని ఉంది. 2025 పెట్టె మీద అది పోయి ‘ఏ/క్రొయేషియా’ వచ్చింది. అప్పుడు నాలుగు పేర్లు, ఇప్పుడు మూడే. డబ్బులు మాత్రం తగ్గలేదు. ఈయన కోతుల డార్వినేనా? మోసం వైరస్‌దా, కంపెనీదా?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, నా ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసులో పెట్టె మీది ఆ చిన్నక్షరాలు చదివినవాళ్లు మీరొక్కరే. చాలాకాలం నేనూ ఎక్స్‌పైరీ డేటు తప్ప చూసేదాన్ని కాదు.

డార్విన్ ఆస్ట్రేలియా ఉత్తరాన ఒక ఊరు. దానికి ఆ పేరు పెట్టింది మాత్రం మీరనుకున్న ఆయన మీదే! ‘ఏ/డార్విన్/9/2021’ అంటే ‘ఏ’ రకం వైరస్, ఆ ఊరి నమూనా, నంబరు 9, సంవత్సరం 2021. అది ‘ఏ’ రకంలోని హెచ్3ఎన్2 అనే ఉపరకం. క్రొయేషియా కూడా హెచ్3ఎన్2వే, కాకపోతే 2023 నాటిది.

ఎందుకు మార్చారంటారా? మీ క్లాసులో బోర్డు మీది లెక్కను ఒకడు ఎక్కించుకుని, వాడి నోట్సు చూసి ఇంకొకడు, వాడిది చూసి మరొకడు రాసుకున్నారనుకోండి. దిద్దడానికి మీరు లేరు. ఫ్లూ వైరస్ తన జన్యు సమాచారమైన ఆర్‌ఎన్‌ఏని అలాగే కాపీ కొట్టుకుంటుంది, తప్పులు దిద్దే ఏర్పాటు దానికి లేదు. చాలా తప్పులు వైరస్‌నే ముంచుతాయి. కొన్ని మాత్రం దాని ఒంటి మీది హీమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ మీద పడతాయి. మన యాంటీబాడీలు పట్టుకునేది దాన్నే. అది మారితే పాత టీకాతో వచ్చిన యాంటీబాడీలు సరిగా పట్టుకోలేవు, అందుకే పెట్టె మీద పేరు మారుస్తారు. 1968లో హాంకాంగ్ ఫ్లూగా వచ్చిన హెచ్3ఎన్2, తర్వాతి 35 ఏళ్లలో యాంటీబాడీలకు చిక్కకుండా వేసిన పెద్ద ఎత్తులన్నీ చాలావరకు ఆ ప్రోటీన్‌లోని ఏడు చోట్ల మార్పులతోనే వేసిందని 2013లో తేల్చారు. ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి వందల అమైనో ఆమ్లాల గొలుసులో ఏడంటే ఏడు! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అన్ని ఫ్లూలూ ఇంత చురుకు కాదు. మీ రెండు పెట్టెల మీదా ‘బి/ఆస్ట్రియా’ అలాగే ఉంటుంది చూడండి. బి రకం నిదానంగా మారుతుంది.

మాయమైన నాలుగోది ‘బి/ఫుకెట్/3073/2013’. పదేళ్ల పాతదైనా దాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు. అది యమగాటా అనే శాఖది. 2020 మార్చి తర్వాత ఆ శాఖ ఎక్కడా ఉన్నట్టు నిర్ధారణ కాలేదు. లేనిదానికి టీకా ఎందుకని తీసేశారు. ధర ఎందుకు తగ్గలేదో కంపెనీనే అడగాలి, నన్ను కాదు.

ఏ పేర్లు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో చెబుతుంది. ఎక్కువ టీకాలకు వైరస్‌ను కోడిగుడ్లలో పెంచాలి, నెలలు పడుతుంది. ఈలోగా వైరస్ ఊరుకోదు. 2014లో టీకాలో టెక్సస్ రకం పెట్టారు, ఆ చలికాలం అమెరికాలో ఎక్కువగా తిరిగింది వేరే రకం. అలాంటి ఏడాది టీకా వేయించుకున్నవాళ్లకీ జ్వరం రావచ్చు.

పెట్టెలు పారేయకండి. ఈసారి మారే పేర్లలో హెచ్3ఎన్2 ఉంటుందని నా పందెం.