టెక్నాలజీ మారితే కొన్ని కంపెనీలు నిలబడి, కొన్ని ఎందుకు పోతాయి? కలర్ ల్యాబ్‌లో ఉండి చూసింది

టెక్నాలజీ, జనం అలవాట్లు మారినప్పుడు కంపెనీలు ఎలా తట్టుకుంటాయని అడిగారు. ఈ ప్రశ్నకు అందరూ ముందుగా చెప్పే పేరు ఫొటో ఫిలిం కంపెనీ కోడాక్. డిజిటల్‌ను పట్టించుకోలేదు కాబట్టి పోయింది అంటారు. నేను ఫిలిం రీళ్ల కాలం నుంచి విజయవాడలో ఒక కలర్ ల్యాబ్‌లో, అంటే ఫొటోలు కడిగి ప్రింట్ వేసే చోట పనిచేస్తున్నాను. అక్కడి నుంచి చూస్తే సంగతి అంత తేలిగ్గా లేదు.

ముందు ఆ రోజుల్లో డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో చెప్పాలి. పెళ్లిళ్ల సీజన్‌లో ఫొటోగ్రాఫర్లు ముహూర్తం అవగానే రీళ్లు సంచిలో వేసుకుని నేరుగా ల్యాబ్‌కు వచ్చేవారు. రీలుకు 36 ఫొటోలు. అవి కడగాలంటే ఫిలిం మీద బొమ్మ తేల్చే డెవలపర్ ద్రావణం 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి, ఫిలిం అందులో సరిగ్గా మూడుంపావు నిమిషాలు ఉండాలి. వేడి కాస్త తేడా వచ్చిందంటే పెళ్లికూతురి చీర రంగే మారిపోతుంది. మళ్లీ తీద్దామంటే ఆ పెళ్లి మళ్లీ జరగదు. అందుకే పొద్దున్నే కంట్రోల్ స్ట్రిప్ అనే పరీక్ష ఫిలిం ముక్క వేసి చూసుకున్నాకే కస్టమర్ రీలు ముట్టుకునేవాళ్లం. ఆ ఫిలిం, ఆ కెమికల్స్, ప్రింట్ వేసే పేపర్ అన్నీ కోడాక్, ఫ్యూజీ, కోనికా లాంటి కంపెనీలవే. కెమెరా ఎవరిదైనా, బటన్ నొక్కిన ప్రతిసారీ వాళ్లకు డబ్బు వెళ్లేది. కెమెరా ఒక్కసారే కొంటారు, రీలు మాత్రం కొంటూనే ఉంటారు. అసలు లాభం అక్కడుంది.

ఇక కోడాక్. 1975లో డిజిటల్ కెమెరా నమూనా తయారుచేసింది ఆ కంపెనీ ఇంజినీరు స్టీవ్ సాసనే. ఒక్క ఫొటో క్యాసెట్ టేపు మీదకు ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. తర్వాత కోడాక్ డిజిటల్ మీద చాలా డబ్బు పెట్టింది, 2005 నాటికి అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. అయినా 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. అంటే పట్టించుకోకపోవడం కాదు. డిజిటల్ కెమెరా అమ్మితే డబ్బు ఒకసారే వస్తుంది, అదీ తక్కువ లాభంతో. ఫొటో తీసినవాళ్లు ప్రింట్లు వేయించుకుంటూనే ఉంటారన్న ఆశ కూడా నిలవలేదు.

ప్రింట్ల అలవాటు ఎలా పోయిందో మా కౌంటర్ దగ్గర బాగా తెలిసింది. రీలు ఉన్నప్పుడు ఫొటో ఎలా వచ్చిందో చూడాలంటే కడిగించక తప్పదు. కళ్లు మూసుకున్నవి, తల తెగిపోయినవి కూడా ప్రింట్ అయ్యేవి. డిజిటల్ కెమెరాలు వచ్చాక సీడీలో వంద ఫొటోలు తెచ్చి, అందులో పదో పదిహేనో ప్రింట్ వేయించుకునేవారు. ఫోన్లు వచ్చాక ఆ పదీ రావడం మానేశాయి. తిరుపతి యాత్రలు, పుట్టినరోజులు, ఊటీ టూర్లు, ఇలా ఇంటింటి నుంచి వచ్చే రీళ్ల మీద బతికిన చిన్న ల్యాబులు చాలావరకు మూతపడ్డాయి. పెళ్లి ఆల్బమ్ మాత్రం పోలేదు. అది ఇంటికి వచ్చినవాళ్లకు చూపించే వస్తువు కదా, ఫోన్ దాని చోటు తీసుకోలేదు.

ఫ్యూజీ విషయంలో నాకు నచ్చింది ఇది. కలర్ ఫిలిం గిరాకీ 2000లో శిఖరానికి చేరి, పదేళ్లలో పదో వంతు కూడా మిగల్లేదు. 2003లో కంపెనీ పగ్గాలు పట్టిన షిగెటాకా కొమొరి, మన చేతుల్లో ఉన్న విద్య ఇంకెక్కడ పనికొస్తుందని వెతికించారు. ఫిలింకు ఆధారంగా వాడే టీఏసీ అనే పలుచని ప్లాస్టిక్ పొర ఎల్‌సీడీ టీవీలకూ కావాలి, దాని మీద పెట్టుబడి పెట్టారు. ఫిలిం మీది జెలటిన్ కొలాజెన్ నుంచి వచ్చేదే. ఫొటో వెలిసిపోకుండా చూసే రసాయనాల పరిజ్ఞానం కూడా ఉంది. ఆ రెండింటితో 2006లో చర్మ సౌందర్య సాధనాలు తెచ్చారు. 2008లో తొయామా కెమికల్ అనే మందుల కంపెనీని కొన్నారు. కరోనా సమయంలో మన మందుల షాపుల్లో అందరూ అడిగిన ఫావిపిరావిర్ ఆ కంపెనీలో పుట్టిన మందే.

అలాంటి విద్య కోడాక్‌కు లేదా? ఉంది. సొంత ఫిలిం అవసరాల కోసం 1920లో మొదలుపెట్టిన ఈస్ట్‌మన్ కెమికల్‌ను అప్పుల భారం తగ్గించుకోవడానికి 1994లో వేరు చేసేసింది. ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. ఎక్స్‌రే లాంటి వైద్య చిత్రాల విభాగాన్ని 2007లో అమ్మేసింది. నా దృష్టిలో కోడాక్‌ను ముంచింది డిజిటల్ ఆలస్యం కన్నా ఇదే. ఫిలిం పోయే రోజు వచ్చేసరికి, కాళ్లూనుకోగలిగిన చోట్లు ఒక్కొక్కటే చేజారిపోయాయి. కోనికా మినోల్టా 2006లో ఫొటో వ్యాపారం వదిలేస్తున్నామని చెప్పి, ఆఫీసు ప్రింటింగ్ మెషిన్లను గట్టిగా పట్టుకుంది. ఒకప్పుడు రీలు డబ్బా మీద చూసిన ఆ పేరు ఇప్పుడు ఆల్బమ్ ప్రింటింగ్ మెషిన్ల మీద కనిపిస్తోంది.

పాత విద్యను కొత్త పనికి వాడుకోవడం మా ల్యాబ్‌లోనూ చిన్న స్థాయిలో జరిగింది. ప్రింట్లు వేసే మా సీనియర్‌కు నెగటివ్ (కడిగిన ఫిలిం) చూడగానే ఎల్లో ఎంత తగ్గించాలో, డెన్సిటీ (ముదురుదనం) ఎంత పెంచాలో తెలిసిపోయేది. నెగటివ్‌లో రంగులన్నీ తలకిందులుగా ఉంటాయి కాబట్టి ఆ చూపు రావడానికి ఏళ్లు పడుతుంది. కంప్యూటర్‌లో డిజైన్ చేసే కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చాక ఆయన్ని ఫొటోషాప్ దగ్గర కూర్చోబెట్టారు. మౌస్ పట్టుకోవడం అలవాటయ్యేవరకే ఇబ్బంది పడ్డారు. ఆ తర్వాత కలర్ కరెక్షన్‌లో డిజైన్ కోర్సు చేసి వచ్చిన కుర్రాళ్లు ఆయన్నే అడిగేవారు. పక్క ఊళ్ల ఫొటోగ్రాఫర్లు 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్లు మా దగ్గరే వేయించడానికి సగం కారణం ఆయన రంగులే. అలాంటి మనిషిని, రీళ్లు పోయాయి కదా అని పంపించేసిన ల్యాబులూ ఉన్నాయి. అది చూసి చాలా బాధేసింది.

ఇప్పుడు మరో మార్పు నడుస్తోంది. పెళ్లివాళ్లకు రీల్, అంటే ఇప్పటి చిన్న వీడియో, ఆ రాత్రికే ఫోన్‌లోకి రావాలి, ఆల్బమ్ సంగతి తర్వాత. ఫొటోలు వేలల్లో ఉండడంతో సెలెక్షన్ దగ్గరే ఆర్డర్లు నెలల తరబడి ఆగిపోతున్నాయి. ఫోన్‌లోనే ఎంచుకునేలా లింక్ పంపుతున్నాం. వీలైన కుటుంబాలను ల్యాబ్‌కు పిలిచి, పెద్ద స్క్రీన్ మీద చూపించి, మా మనిషి పక్కన కూర్చుని ఎంపిక చేయిస్తున్నాడు. ఆర్డర్ త్వరగా తేలుతున్నది ఈ రెండో పద్ధతిలోనే, అందుకే ఇంకో స్క్రీన్ పెడుతున్నాం.