క్రికెటర్‌కి కోట్లు, నర్సమ్మకి వేలు: న్యాయమేనా?

ఒడిశాలోని మా పర్లాకిమిడి టీకొట్టు దగ్గర ఐపీఎల్ వేలం అయినప్పుడల్లా ఇదే గొడవ. 2024 నవంబరు వేలంలో రిషభ్ పంత్ ధర 27 కోట్లు. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్ర ఉద్యోగి కనీస మూల వేతనం నెలకి 18,000. లెక్కేస్తే 1,250 ఏళ్ల జీతం!

అయితే ఆ సొమ్ము మన పన్నుల్లోంచి పోదు. 2023–27 ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. మనం కళ్లప్పగించి చూస్తున్నాం కాబట్టే ప్రకటనలు, వాటి వల్లే ఆ డబ్బు. పైగా ఆటగాడి సంపాదన కొన్నేళ్ల ముచ్చటే, అదీ మోకాళ్లు సహకరిస్తే. కొండపల్లెలకి నడిచివెళ్లే నర్సమ్మ జీతం తేల్చేది బడ్జెట్టు. నా కోపమంతా దాని మీదే.

2018 నుంచి ఒడిశా సర్కారు హాకీ జట్లకిస్తున్న స్పాన్సర్‌షిప్ సంగతి వేరు. అది ప్రజల సొమ్ము, అక్కడ లెక్క అడగొచ్చు.